ఎదుటి కుర్చీలు

సూప్ వచ్చేలోగా చెప్పేద్దామనుకున్నాను. సూప్ వచ్చేసింది. మా ఆయన చెంచా తీసుకుని ఊదుకుంటున్నాడు, సరే, అయ్యాక చెబుదాంలే, వేడి సూప్ తాగుతున్న మనిషితో నేను మా అక్క దగ్గరికి వెళ్ళిపోతున్నానండీ అంటే పొలమారుతుంది, పొలమారితే మళ్ళీ వీపు నిమరాల్సింది నేనే. చెప్పడానికి ఎంతుంది గనక, ఒక్క ముక్క. అక్క వాళ్ళ ఊళ్ళో కర్టెన్లు కుట్టే షాపు పెడుతోంది, గది చూసుకుంది, బావగారు పోయాక ఇంట్లో ఒక్కదాన్నే గోడలు చూస్తూ కూర్చోలేనంటోంది, నువ్వొస్తే ఇద్దరం నడుపుకుందామే, పైన రెండు గదులున్నాయి, గాలి వచ్చేది నువ్వే తీసుకో అంటోంది. గది ఇచ్చే ఆయనకి ఇవాళ సాయంత్రంలోగా మాట చెప్పాలట. భోజనాలయ్యాక ఫోన్ చేస్తాను, అవునో కాదో పుల్ల విరిచినట్టు చెప్పెయ్, నానబెట్టకు అంది. మొన్న అన్నీ అడిగింది కూడా. కొడతాడా? లేదు. తాగుతాడా? లేదక్కా. ఇంకెవరైనా ఉన్నారా? ఎవరుంటారు, రోజంతా నా పక్కనే కదా ఉంటాడు. మరేం రోగం? మాట్లాడడు. మీ బావ మాట్లాడి మాట్లాడి ఉన్నన్నాళ్ళూ నా చెవులు తినేశారు, ఇప్పుడా చెవులు ఖాళీగానే ఉన్నాయి, వచ్చెయ్యి అంది అక్క.

ఇంట్లో చెప్పలేకే ఇక్కడికి తీసుకొచ్చాను. మధ్యాహ్నం షాపు మూసేసి హోటల్‌కి వెళ్దామండీ అంటే ఎందుకూ అని కూడా అడగలేదు, చొక్కా మీద రంపపు పొట్టు దులుపుకుని చెప్పులేసుకున్నాడు. వచ్చి కూర్చున్నాం, ఎప్పట్లాగే ఒకే వైపు, పక్కపక్కన, కిటికీ వైపు నేను, నా కుడిపక్కన ఆయన. నలుగురు పట్టే బల్ల, ఎదుటి రెండు కుర్చీలూ ఖాళీ. మామూలు మొగుడూ పెళ్ళాలైతే ఎదురెదురుగా కూర్చుంటారనుకుంటాను, మాకది తోచదు, మా బతుకంతా పక్కపక్కనే. పటాలు కట్టే షాపు మాది. ముందు కౌంటర్, లోపల గోడకానించి పొడుగాటి పనిబల్ల. గ్లాసు కోయడానికి వెలుతురు కావాలి గనక కిటికీ వైపు నేను, రంపం ఆడించడానికి చోటు కావాలి గనక అటు ఆయన, ఇద్దరం గోడకేసి చూస్తూ ఇరవయ్యేళ్ళ పైనుంచీ. ఆయన కొయ్య కోసి నాలుగు మూలలూ కలిపి ఇటు తోస్తాడు, నేను స్కేలు పెట్టి కొలుచుకుని, సరిపోయిందనుకున్నాకే గ్లాసు కోస్తాను. పెళ్ళైన కొత్త నుంచీ అంతే, ఆయన కొలత మీద నాకు నమ్మకం లేదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు, కొలుచుకోమన్నట్టు తోసేసి ఊరుకుంటాడు. మా మధ్య నడిచే మాటలన్నీ అవే. పన్నెండు, పదహారు. వెంట్రుకవాసి తగ్గించు. జిగురు అందుకో. మూల తేలింది చూడు. వచ్చేపోయేవాళ్ళు మమ్మల్ని చూసి చిలకాగోరింకలంటారు. వాళ్ళ మొహం, రెండు చీపురుకట్టల్ని ఒక మూల పెట్టినా పక్కపక్కనే ఉంటాయి.

చెంచా పెట్టేశాడు. ఇదే అదను. ఏమండీ అన్నాను. ఊఁ అన్నాడు గోడ మీద గడియారం కేసి చూస్తూ. మా అక్క లేదూ అని మొదలుపెట్టాను, అప్పుడు పడింది వాన, ఎవరో పైనుంచి బకెట్లతో గుమ్మరించినట్టు, వీధిలో జనమంతా ఒక్కసారిగా ఈ హోటల్లోకే పరిగెత్తుకొచ్చారు, తలుపు దగ్గర గొడుగులు, తడిసిన చెప్పుల జారుడు, కుర్చీల గీకుడు. సర్వరు ఒక జంటని వెంటబెట్టుకుని తిన్నగా మా బల్ల దగ్గరికే వచ్చాడు. రాడా మరి, నలుగురి బల్లకి మేమిద్దరం ఒకే వైపు అతుక్కుని ఎదురువైపు ఖాళీగా పెట్టుకుంటే ఎవరైనా ఏమనుకుంటారు, దాతల్లా చోటిచ్చారనుకుంటారు. మేం ఎక్కడికెళ్ళినా ఇదే తంతు, మా ఎదురుగా ఎవరో ఒకరు తేలాల్సిందే. వేరే చోటుందేమో చూడబ్బాయ్ అనబోయాను, అనేలోగానే మా ఆయన, రండి రండి, కూర్చోండి, బాగా తడిసిపోయారే అన్నాడు. అన్ని మాటలు. వరసగా. నాకు ఈ వారం మొత్తం మీద వచ్చినన్ని మాటలు ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఒక్క గుక్కలో ఇచ్చేశాడు.

పిల్ల బాగుంది. బాగుందని ఒప్పుకోవడానికి నాకేం బాధ లేదు, వయసులో ఎవరైనా బాగుంటారు. జుట్టు నీళ్ళు కారుతోంది, పిండుకోవాలన్న ధ్యాస కూడా లేదు, కూర్చుంటూనే పకపకా నవ్వింది, దేనికో తెలియదు, కుర్రాడి కళ్ళజోడు ఆవిరి పట్టి తెల్లబడిందని కాబోలు. దాన్ని తీసి తన చున్నీ కొసతో తుడిచి మళ్ళీ వాడి ముక్కు మీద పెట్టింది. అదేం పని, వాడికి చేతుల్లేవా. నేను కూడా రోజూ గ్లాసు తుడుస్తాను, ఎవరి గ్లాసో, ఎవరి తాతగారి ఫోటోకో. కుర్రాడు చంకలోంచి పొడుగాటి అట్ట గొట్టం ఒకటి తీసి, తడవలేదు కదా అని అటూ ఇటూ తిప్పి చూసుకుని బల్ల మీద పెట్టాడు, పసిబిడ్డని పడుకోబెట్టినంత నెమ్మదిగా. అంతే, మా ఆయన మెడ సాగింది. పటం కట్టించడానికా బాబూ అన్నాడు. అవునంకుల్, మీకెలా తెలుసు అంది ఆ పిల్ల. అంకులేంటే, బాబాయ్‌గారు అను, బాగుంటుంది అన్నాడు కుర్రాడు. సరే బాబాయ్‌గారూ, ఈవిడ పిన్నిగారా, నమస్తే పిన్నిగారూ. నేను తలూపాను. పిన్నిగారట, చుట్టరికం కలుపుకోవడానికి మనుషులకి బల్ల చాలన్నమాట.

ఇక మొదలయ్యాయి కబుర్లు. ఆ గొంతు విన్నాను. అదే, కౌంటర్ దగ్గరి గొంతు. పనిబల్ల దగ్గర ఊఁ, ఆఁ అని సణిగే గొంతు కాదు, బరువుగా, నిదానంగా, మధ్యలో నవ్వు దాచుకుని నడిచే గొంతు. ఎవరైనా కౌంటర్‌కి అవతల వచ్చి నిలబడ్డారా, చెయ్యి తుడుచుకుని వెళ్ళి ఆ గొంతు తీస్తాడు. ఒక ముసలాయన కుక్క ఫోటో తెచ్చుకుంటే దాని అలవాట్లన్నీ చెప్పించుకుని తన చిన్నప్పటి కుక్క కథంతా చెప్పాడు, ఈయనకి ఓ కుక్క ఉండేదని నాకు ఆవేళే తెలిసింది, లోపల గోడకేసి తిరిగి గ్లాసు కోస్తుంటే వెనకనుంచి వినబడింది. ఎవరో టీచరమ్మ వస్తే పొద్దున వచ్చిన కల చెప్పాడు. కల! పక్కన పడుకున్నదాన్ని నేను, కల మాత్రం టీచరమ్మకి. మా అమ్మాయితోనూ అంతే. భోజనాల బల్లకి ఇటు మేమిద్దరం, అటు అది, ఇద్దరూ ముద్ద చల్లారేదాకా నవ్వుకునేవాళ్ళు, తండ్రీ కూతుళ్ళ గొడవ మనకెందుకులే అని నేను పులుసు వడ్డించేదాన్ని. అది కాలేజీ హాస్టల్‌కి వెళ్ళాక ఆ కుర్చీలో ఇస్త్రీ బట్టలు పెడుతున్నాం. ఆయన బట్టలకేసి చూస్తూ తినేసి లేస్తాడు.

చూడొచ్చా అన్నాడు. కుర్రాడు చేతులు తుడుచుకుని గొట్టం మూత తీసి కాగితం లాగాడు. పెన్సిల్‌తో గీసిన బొమ్మ. ఆ పిల్లదే. కిటికీ దగ్గర కూర్చుని గోరు కొరుక్కుంటోంది, ఒక చెవికే లోలాకు ఉంది, కింది పెదవి మీద పగులు కూడా గీశాడు, మనిషి లేచి నవ్వేలా ఉంది. కుర్రాడు ఇళ్ళ ప్లాన్లు గీసే ఆఫీసులో పనిచేస్తాడట, అక్కడ గోడలూ మెట్లూ గీసి గీసి విసుగొచ్చి ఆదివారాలు ఈమెని గీస్తాడట. కదలనివ్వడు బాబాయ్‌గారూ, ముక్కు దురద పెట్టినా గోక్కోనివ్వడు, మెడ పట్టేసింది నాకు అని ఫిర్యాదు చేస్తోంది, ఫిర్యాదులో ఎంత గర్వం. మా ఆయన బొమ్మని వెలుతురులోకి ఎత్తి పట్టుకుని, బాగా ఎదురుగా కూర్చుంటే తప్ప ఇలా రాదు అన్నాడు. దీనికి సన్న చట్రం వెయ్యాలి, రంగు వద్దు, కొయ్య కొయ్యలాగే ఉండాలి, చుట్టూ అట్ట వెడల్పుగా వదిలితే మొహానికి గాలి ఆడుతుంది. మొహానికి గాలి ఆడుతుందట. నాకు ఊపిరాడలేదు. కుళ్ళు అనండి ఇంకోటి అనండి, నిజంగానే గుండెలో ఏదో కాలింది. నన్నెవరైనా అలా ఆదివారం పూట కూర్చోబెట్టుకుని నా పెదవి ఎక్కడ పగిలిందో చూశారా. నేను చచ్చాక నా పటం కట్టాలన్నా ఏ ఫోటో వెయ్యాలో ఈయన అమ్మాయికి ఫోన్ చేసి అడగాల్సిందే. మొహం గుర్తుండదు, కొలత మాత్రం చెప్పేస్తాడు, ఎనిమిది పది అని.

అన్నం వచ్చింది, చేప వచ్చింది, వాళ్ళకి రొట్టెలు వచ్చాయి. నా ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టుకున్నాను. వీళ్ళు లేస్తే గానీ నా మాట నేను చెప్పలేను, వీళ్ళేమో తినడమే మర్చిపోయారు, పిల్ల చెయ్యి గడ్డం కింద పెట్టుకుని తర్వాతేమైంది బాబాయ్‌గారూ, తర్వాతేమైంది అంటోంది, ఆ తర్వాతేమైంది అన్న మాటకి మా ఆయన కరిగి నీరైపోతున్నాడు. నేనెప్పుడైనా తర్వాత అన్నానా. తర్వాత అనాలంటే ముందు ఏదో ఒకటి చెప్పాలి కదా. చేప ముల్లు తీస్తూ, తీసిన ముక్క ఆయన కంచంలో వేస్తూ కూర్చున్నాను, చెయ్యి దాని మానాన అది అలవాటుగా వేస్తోంది, నాలుగో ముక్క దగ్గర గమనించి ఆపేశాను. తినమనండి, ఆ కబుర్లతోనే కడుపు నింపుకోమనండి. ఇంతలో ఆ పిల్ల అడగనే అడిగింది, మీ ఇద్దరూ ఎలా కలిశారు బాబాయ్‌గారూ అని. అబ్బ, ఈ కథ నాది. ఇంట్లో ఎవరు నలుగురు చేరినా ఇది చెప్పేది నేనే, మా అమ్మాయి చిన్నప్పుడు ఇది వింటే గానీ అన్నం తినేది కాదు. నేను గొంతు సవరించుకున్నాను. ఆయన మొదలుపెట్టేశాడు.

కథ ఇదీ, నేను చెప్పే తీరులో. నాకప్పుడు ఇరవయ్యేళ్ళు. మా తమ్ముడు బడిలో ఒక బొమ్మ వేశాడు, ఇల్లూ, ఇంటి మీద కాకీ, ఇంటికన్నా కాకి పెద్దది. అది చూసి మా నాన్న పడీ పడీ నవ్వి, దీన్ని పటం కట్టించమ్మా, వీడు పెద్దయ్యాక చూపించి ఏడిపిద్దాం అన్నాడు. పట్టుకెళ్ళాను. షాపులో మా మామగారూ, ఆయన కొడుకూ. కొడుకు కొలిచి కోశాడు. వెళ్ళి తెచ్చుకుని చూస్తే చట్రం చిన్నది, కాకి తోక లోపలికి పోయింది. మళ్ళీ పట్టుకెళ్ళాను. ఈసారి పెద్దది, బొమ్మ లోపల జారి వంకరగా కూర్చుంది. మూడోసారి మూల కలవలేదు, వేలు దూరేంత సందు. మా మామగారు, నీ చేతికేమొచ్చిందిరా, పొడుగు చెక్క చూస్తే నీకు కడుపుమంటా అని తిట్టారు. నాకు ఒళ్ళు మండి, ఇటివ్వండి అని స్కేలు లాక్కుని నేనే కొలిచి, ఇక్కడ కోయండి అని గీత గీసి ఇచ్చాను. సరిపోయింది. మా మామగారు నన్ను ఎగాదిగా చూసి, మీ ఇల్లెక్కడమ్మా అని అడిగారు. ఇక్కడ అందరూ నవ్వుతారు, నేను కొసమెరుపు చెబుతాను, ఈయనకి కొలత రాదు గనకే నాకు పెళ్ళైంది, నేను రాకపోతే ఆ షాపు ఎప్పుడో మూతపడేది అని. ఆయన కూడా అందరితోపాటు నవ్వుతాడు. ఇన్నేళ్ళూ నవ్వుతూనే ఉన్నాడు.

ఇవాళ ఆయన చెప్పాడు, నా కథని నా పక్కనే కూర్చుని, నాకేసి తిరక్కుండా. మొదటిసారి నిజంగానే తప్పు కోశానమ్మా, చెయ్యి వణికింది. కౌంటర్ అవతల నిలబడింది, వాన వెలిసిన రోజు, జడ ముందుకేసుకుని కొస విప్పుకుంటూ అల్లుకుంటూ, కాకి మొత్తం కనబడాలండీ అంది. ఆ కళ్ళు చూశాక స్కేలు మీద అంకెలు కనబడితే కదా. రెండోసారి మాత్రం కావాలనే కోశాను. కావాలనా అంది పిల్ల. కావాలనే. సరిగ్గా కోసిస్తే పట్టుకుని వెళ్ళిపోతుంది, ఇంక మళ్ళీ ఎందుకొస్తుంది. మూడోసారికి రాత్రంతా పడుకోలేదు. సరిగ్గా కోయడం తేలికేనమ్మా, ఎవరైనా నమ్మేటట్టు తప్పు కోయడం ఉంది చూశావూ, అది చాలా కష్టం. మరీ ఎక్కువ తప్పితే మా నాన్నకి అనుమానం, తక్కువ తప్పితే ఈవిడ సరేలే అని తీసుకుపోతుంది. మూలలో వేలు దూరేంత సందు పెట్టాను, కాస్త ఎక్కువా కాదు తక్కువా కాదు. జీవితంలో అంత జాగ్రత్తగా నేనే కోతా కోయలేదు. కుర్రాడు చప్పట్లు కొట్టాడు. పక్కబల్లవాళ్ళు తిరిగి చూశారు. పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ముక్కు ఎగబీల్చి, నన్ను తిన్నగా చూసి అడిగింది, పిన్నిగారూ, ఈయన కావాలనే చేస్తున్నారని మీకప్పుడే తెలిసిపోయిందా?

తెలియకేం అన్నాను. తేలు కుట్టిన దొంగలా ఉంది నా పని. చెప్పానా, ఆవిడ కంటికి తెలియని కొలత ఉంటుందా అన్నాడు మా ఆయన, ఆ పిల్లతోనే. అంటే నాకు తెలుసనే అనుకున్నాడా. ఇన్నేళ్ళూ, నేను నలుగురిలో కూర్చుని ఈయనకి కొలత రాదు అని గొప్పలు పోతుంటే, నాకు తెలిసే ఆటపట్టిస్తున్నాననుకుని నవ్వాడా. కొట్లో రోజూ చట్రం చేసి ఇటు తోసినప్పుడల్లా, నేను స్కేలు పెట్టి కొలిచినప్పుడల్లా, అదీ సరసమే అనుకున్నాడా. నేను నిజంగా కొలిచాను. ఒక్కటి కూడా తప్పలేదు ఇన్నేళ్ళలో, నేను కొలుస్తున్నాను గనక తప్పడం లేదనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని ఇప్పుడు తెలియదంటాను, ఈ పిల్ల ముందు, ఈ కన్నీళ్ళ ముందు. నాకు రావలసిన మాట. చాటుగా, పెళ్ళైన కొత్తలో, దీపం తీసేశాక చెవిలో పడాల్సిన మాట, ఇప్పుడు చేప ముళ్ళ మధ్య పడింది, అదీ నాకు కాదు, ఎవరికో ఇస్తుంటే నేను పక్కన ఉన్నాను గనక నామీద చింది పడింది. ముందుగా విన్నది ఆ పిల్ల. నేను రెండోదాన్ని.

అదీ కాదు. ఆ పిల్ల మీద కోపం ఎంతసేపుంటుంది, వాన తగ్గితే పోతుంది. నన్ను కాల్చేస్తున్నది ఇంకో పిల్ల. జడ ముందుకేసుకున్నది. కౌంటర్ అవతల నిలబడి కాకి మొత్తం కనబడాలండీ అన్నది. దానికోసం ఈయన చెయ్యి వణికింది, దానికోసం రాత్రంతా నిద్రపోలేదు, తండ్రి చేత తిట్లు తిన్నాడు, మంచి కొయ్య పాడుచేశాడు. నాకోసం ఒక్క పూట నోరు పాడుచేసుకోడే. అది ఎంత ధీమాగా నిలబడిందో తలుచుకుంటే దాని జడ పట్టుకుని ఒక్క గుంజు గుంజాలనిపిస్తోంది. ఏముందే నీ దగ్గర, గ్లాసు కోయడం కూడా రాదు అప్పటికి. ఏముందంటే కౌంటర్ ఉంది. మధ్యలో కౌంటర్, అటు నువ్వు, ఇటు ఆయన. నేను ఏం చేశాను, అటునుంచి ఇటు వచ్చాను, కౌంటర్ చెక్క తలుపు ఎత్తి లోపలికొచ్చి, ఆయన పక్కన నిలబడి గోడకేసి తిరిగాను. పక్కన చోటు దొరికిందని మురిసిపోయాను కూడా. నాది అదృష్టమనుకున్నాను, మిగతా ఆడవాళ్ళ మొగుళ్ళు పొద్దున పోతే రాత్రికి గానీ రారు, నా మొగుడు ఎప్పుడూ నా మోచేతికి తగిలేంత దూరంలోనే ఉంటాడని.

వాన సన్నబడింది. వాళ్ళు లేచారు. కుర్రాడు బొమ్మ చుట్టి గొట్టంలో పెట్టాడు, పిల్ల మూత బిగించింది, రేపే తెస్తాం బాబాయ్‌గారూ, మీరే కట్టాలి, మూల తప్పు కోయొద్దు అని నవ్వింది. వస్తాం పిన్నిగారూ, మీరు చాలా అదృష్టవంతులు అని నా చేతి మీద చెయ్యి వేసింది, తడి చెయ్యి, వెచ్చగా ఉంది, లాక్కోవాలనుకున్నాను, లాక్కోలేదు. వాళ్ళు తలుపు దాటేదాకా ఆయన చూస్తూనే ఉన్నాడు. తర్వాత వెనక్కి ఆనుకున్నాడు. మొహంలో వెలుగు ఆరిపోతుంటే పక్కనుంచి కూడా తెలుస్తోంది, చెంప ఒక్కటే కనబడుతుంది నాకు, ఆ చెంప సడలింది. ఎదుటి కుర్చీలు రెండూ ఖాళీ, ఒకదాని మీద తడి మరక. ఇప్పుడు చెప్పాలి. అక్క ఏ క్షణమైనా చేస్తుంది. ఏమండీ అన్నాను. ఊఁ అన్నాడు, పనిబల్ల దగ్గరి ఊఁ. నేనో మాట చెప్పాలి. ఊఁ. ఉప్పు ఇటు జరుపు అన్నాడు.

జరిపాను. బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఉప్పు వేసుకున్నాడు. ఇంక అనుమానం లేదు, అవునక్కా, వస్తున్నానక్కా, మాటిచ్చెయ్ ఆయనకి. ఆ మాట నాలుక చివరిదాకా తెచ్చుకున్నాను. అంతలో సర్వరు మళ్ళీ వస్తున్నాడు, వెనకాల ఇద్దరు పెద్దమనుషులు, చేతిలో ఫైళ్ళు, ఆఫీసువాళ్ళలా ఉన్నారు, తిన్నగా మా బల్లకే. మా ఆయన నడుం నిటారైంది. నేను చూస్తూనే ఉన్నాను, చొక్కా కాలరు సర్దుకున్నాడు, ఎదురుగా బల్ల మీద రొట్టె తుంపులు అరచేత్తో తుడిచాడు, కౌంటర్ తుడిచినట్టే, చెంపలో మళ్ళీ ఆ వెలుగు ఎక్కుతోంది. ఎవరొస్తే వాళ్ళకి. వీళ్ళెవరో, ఏం తింటారో, ఏం అడుగుతారో, వీళ్ళకీ చెబుతాడు, నా గురించి నాకు తెలియనిది ఇంకోటి. నా ఒళ్ళు భగ్గుమంది. జరగండి అన్నాను. చెయ్యి కడుక్కోవడానికనుకుని లేచి దారిచ్చాడు. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి, తడి మరక ఉన్న కుర్చీలో, ఆ పిల్ల కూర్చున్నదాంట్లోనే కూర్చున్నాను. పక్క కుర్చీలో నా సంచీ పెట్టాను.

మేడమ్, వీళ్ళు ఇక్కడ, అన్నాడు సర్వరు.

"ఇక్కడ మనుషులున్నారు."

"ఎవరండీ?"

"నేనున్నాను కదయ్యా."

వాళ్ళు వెళ్ళారు. మా ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు, నా ఖాళీ కుర్చీకేసి ఒకసారి, నాకేసి ఒకసారి చూసి మెల్లగా కూర్చున్నాడు. నేనూ చూశాను. కనుబొమలు నెరిశాయి. ఎప్పుడు నెరిశాయో. గడ్డం కింద ఒకచోట క్షౌరం సరిగ్గా పడలేదు. ఎడమ కన్ను కుడికన్నా కొంచెం చిన్నది, ఇది మాత్రం నాకు గుర్తుంది, కౌంటర్ అవతల నిలబడి చూసుకున్నదే. ఆయన మొహంలో, కొత్తవాళ్ళు వచ్చినప్పుడు వచ్చే నవ్వు ఒకటి సగం వచ్చి, మనిషిని గుర్తుపట్టి ఆగిపోయింది. చూస్తున్నాడు. కళ్ళు, ముక్కు, చెంప, వరసగా, తొందర లేకుండా. మొహం తిప్పేసుకుందామనిపించింది, ఇంత వయసొచ్చి సిగ్గేమిటి నాకు. మా అక్క అని మొదలుపెట్టాను.

"అదేంటి?" అన్నాడు.

"ఏది?"

"ఆ కనుబొమ మీద. తెగినట్టుంది."

చెయ్యి దానంతటదే ఎడమ కనుబొమ మీదకి పోయింది. మచ్చ. నేనే మర్చిపోయాను. ఆయనకి ఎప్పుడూ కుడి చెంపే కదా.

"పాతదే. గ్లాసు ముక్క ఎగిరింది. అమ్మాయి బడిలో చేరిన ఏడు."

"నేనెక్కడున్నాను?"

"కౌంటర్ దగ్గర. ఎవరితోనో కబుర్లలో ఉన్నారు."

చేతిలో ముద్ద కంచంలో వదిలేశాడు. "చెప్పలేదే."

"రుమాలు కట్టుకున్నాను. మూడు రోజులు కట్టుకునే ఉన్నాను. మీరు అడగలేదు."

"కనబడలేదు" అన్నాడు. కిటికీలోంచి వచ్చే వెలుతురు అడ్డం రాకుండా తల కాస్త పక్కకి వంచి ఆ మచ్చనే చూస్తున్నాడు, కొత్తగా వచ్చిన బొమ్మ ఎక్కడ చిరిగిందో చూసుకున్నట్టు. చెయ్యి బల్ల మీద అటూ ఇటూ కదిలింది, ఇక్కడిదాకా రాలేదు. కొంచెంలో కంటికి తగిలేది అన్నాడు. అవును అన్నాను. నొప్పెట్టిందా? ఎందుకు పెట్టదూ. నెత్తురు గ్లాసు మీద పడింది, తుడిచాను, ఆ గ్లాసే వేశాను, ఎవరిదో పెళ్ళి ఫోటో. అప్పుడన్నాడు, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, అచ్చం ఆ పిల్లలాగే, తర్వాత అన్నాడు. తర్వాతేమైంది? ఈయనకి చెప్పాల్సినవి ఎన్నున్నాయో లెక్క కట్టలేను, అన్నింటికన్నా ముందు ఆ రెండో చట్రం సంగతి నాకు తెలియదని చెప్పాలి, తెలియకేం అన్నది అబద్ధమని చెప్పాలి, చెప్పి కడిగిపారెయ్యాలి ఈయన్ని. బల్ల మీద బోర్లా పెట్టిన ఫోన్ గురగురలాడుతూ కదిలింది. అక్క. ఆయన ఫోన్ చూడలేదు, నన్నే చూస్తున్నాడు. ఎత్తాను.

"ఏం చెప్పావే? అవునా కాదా?" అంది అక్క.

"ఇక్కడ ఒకాయన పరిచయమయ్యాడక్కా. మాటల్లో ఉన్నాం. గది ఇచ్చే ఆయన్ని రేపటిదాకా ఆగమను."